మీ ఊరి మీదుగా ఎక్స్‌ప్రెస్‌వే వస్తోందా? ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లే ముందు ఇవి చూసుకోండి

రెవెన్యూలో డిప్యూటీ తహసీల్దారుగా పనిచేసినన్నాళ్లూ ప్రజాభిప్రాయ సేకరణ అంటే మాకు ముందుగా గుర్తొచ్చేవి షామియానా, మైకు సెట్టు, మంచినీళ్ల క్యాన్లు, బందోబస్తు కోసం పోలీసులకు రాసే ఉత్తరం. అవన్నీ సర్దాక వేదిక పక్కన బల్ల దగ్గర కూర్చుని మినిట్స్ రాసేవాళ్లకు సాయం చేసేదాన్ని. అక్కడ కూర్చుంటేనే తెలిసే సంగతి ఒకటుంది. అరగంట ఆవేశంగా మాట్లాడినాయన మాటలన్నీ కలిపి ‘గ్రామస్థులు ప్రాజెక్టును వ్యతిరేకించారు’ అని ఒక్క వాక్యంగా కాగితమెక్కుతాయి. ‘ఫలానా సర్వే నంబరు దగ్గర వాగు ఉంది, మీ రిపోర్టులో లేదు, వానాకాలం నీళ్లు ఎటు పోవాలి?’ అని రెండు నిమిషాల్లో అడిగి కూర్చున్న మనిషి ప్రశ్న మాత్రం ఉన్నదున్నట్టు ఎక్కుతుంది. దానికి రోడ్డు వేసేవాళ్లు రాతలో జవాబు చెప్పాల్సి వస్తుంది.

రిటైరయ్యాక చుట్టాల ఊళ్ల నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. “అక్కా, మా చేన్ల రాళ్లు పాతుతున్నరు, ఇప్పుడేం చెయ్యాలె?” అని ఒకరు, “పేపర్లో నోటీసు పడిందంట మేడమ్, మీటింగుకు పోవాల్నా?” అని ఒకరు. సంగారెడ్డి నుంచి తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా గీసిన హైదరాబాద్ రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం కావచ్చు, నాగ్‌పూర్–విజయవాడ కారిడార్‌లో మంచిర్యాల, వరంగల్, ఖమ్మం మీదుగా వెళ్లే 163జి జాతీయ రహదారి కావచ్చు, రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి వేసే 130సీడీ కావచ్చు, అడిగే ప్రశ్నలు దాదాపు అవే. రోడ్డు కావాలా వద్దా అన్నది మీరూ మీ ఊరూ తేల్చుకోవాల్సింది, అందులో నేను తలదూర్చను. కావాలన్నా వద్దన్నా అడిగే పద్ధతి మాత్రం ఒకటే.

ముందు ఎవరి చేతిలో ఏముందో తెలుసుకోండి

సభకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎకరాకు ఎంతిస్తారని అడుగుతారు. అడగడం న్యాయమే. కానీ ఆ వేదిక మీద కూర్చున్నవాళ్లకు ధర చెప్పే అధికారం లేదు. అది పర్యావరణ అనుమతి కోసం పెట్టే సభ. కేంద్రం 2006 సెప్టెంబరు 14న ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి దాన్ని జరుపుతుంది. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మెజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. వాళ్లు ప్రాజెక్టును ఒప్పుకోరు, తోసిపుచ్చరు. విన్నది రాసి పైకి పంపుతారు, అంతే. చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టడం కూడా ఉండదు. కొత్త జాతీయ రహదారి అయితే ఆ కాగితం ఢిల్లీలో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ ముందుకు వెళుతుంది. రాష్ట్రం సొంతంగా వేసే హైవే అయితే రాష్ట్ర స్థాయి సంస్థ చూస్తుంది.

భూమి సంగతి పూర్తిగా వేరే దారి. జాతీయ రహదారికి భూమి తీసుకునేది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద. దానికోసం నియమించిన అధికారిని అందరూ ‘కాలా’ అంటారు. మన దగ్గర చాలాచోట్ల ఆర్డీవోనో, జిల్లాలో ఆ పైస్థాయి రెవెన్యూ అధికారో ఆ బాధ్యతలో ఉంటారు. ఇక్కడ చాలామందికి తెలియనిది ఒకటుంది. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా అనీ, దానికో బహిరంగ విచారణ అనీ ఉంది కదా, జాతీయ రహదారుల చట్టం కింద తీసుకునే భూమికి అది వర్తించదు. 2013 చట్టంలోని పరిహారం, పునరావాసం నిబంధనలు వర్తిస్తాయి గానీ ఆ విచారణ ఉండదు. అంటే నలుగురి ముందు నిలబడి మాట్లాడడానికి చట్టం ఇచ్చే అవకాశం పర్యావరణ సభ ఒక్కటే. దాన్ని ధర గొడవతో ఖర్చు చేసుకోకండి. ధర అడిగే చోటు వేరే ఉంది, చివర్లో చెబుతాను.

ఇంకో మాట. ఉన్న రోడ్డునే, కొత్తగా భూమి తీసుకోకుండా వెడల్పు చేస్తుంటే ఈ సభ ఉండనే ఉండదు. కొత్తగా పొలాల్లోంచి వేసే గ్రీన్‌ఫీల్డ్ రోడ్లకు ఉంటుంది.

గీత గీస్తున్నప్పుడే అడగాలి

రోడ్డు ఎటు పోవాలన్నది సభ నాటికి దాదాపు ఖరారై ఉంటుంది. అంతకుముందే కన్సల్టెంటు రెండుమూడు మార్గాలు గీసి, వాటిని పోల్చి, ఒకదాన్ని ఎంచుకుంటాడు. దాన్నే అలైన్‌మెంట్ అంటాం. ఆ దశలో జనాన్ని పిలిచి అడగాలన్న నియమం లేదు. గీత సులువుగా మారేది మాత్రం అప్పుడే. అందుకే గుర్తులు కనిపెట్టాలి. డ్రోన్ తిరగడం, పొలం గట్టున ఎవరో ట్రైపాడ్ పెట్టి చూడడం, మట్టి పరీక్షకు బోరు వేయడం, చిన్నచిన్న సిమెంటు దిమ్మెలు పాతడం. ఇవి కనబడితే వచ్చినవాళ్లను ఏ కంపెనీ, ఏ రోడ్డు, ఏ ఆఫీసు పంపిందని మర్యాదగా అడిగి రాసుకోండి. కసిరి పంపేస్తే మనకే నష్టం, సమాచారం వాళ్లతోపాటే పోతుంది.

తర్వాత కలెక్టరుకు, జాతీయ రహదారుల సంస్థ ప్రాజెక్టు డైరెక్టరుకు ఒకే అర్జీ రెండు కాపీలు పెట్టండి. వద్దని మాత్రమే రాయకుండా, గీత ఎటు జరిగితే ఏం మిగులుతుందో రాయండి. ‘400 మీటర్లు తూర్పుకు జరిపితే చెరువు శిఖం తగలదు, అక్కడ ఉన్నది ప్రభుత్వ పోరంబోకు’ అని సర్వే నంబర్లతో చెబితే ఇంజినీరు ఒకసారి ల్యాప్‌టాప్ తెరిచి చూస్తాడు. నిజంగా జరుపుతారని హామీ ఇవ్వలేను. కానీ చూసే అర్జీ అదే.

సమాచార హక్కు దరఖాస్తు కూడా అప్పుడే వేయాలి. ఫీజు 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు. భూసేకరణ అభ్యంతరాలకు ఇచ్చేది 21 రోజులు. నోటిఫికేషన్ వచ్చాక దరఖాస్తు వేస్తే జవాబు వచ్చేసరికి గడువు దాటిపోతుంది, లెక్క మీకే తెలుస్తోంది కదా. అలైన్‌మెంట్ ప్రత్యామ్నాయాల పోలిక రిపోర్టు, మీ గ్రామం వరకు ప్లాన్ అండ్ ప్రొఫైల్ డ్రాయింగులు (రోడ్డు పోయే దారి, ఎత్తుపల్లాలు చూపేవి), అండర్‌పాసులు, కల్వర్టుల జాబితా, ఈ మూడూ పేరుపేరునా అడగండి. ‘రోడ్డు గురించిన సమస్త సమాచారం ఇవ్వగలరు’ అని రాస్తే ఏదో ఒక ముక్క ఇచ్చి వదిలేస్తారు.

వాట్సాప్‌లో తిరిగే మ్యాపుల గురించి ఒక్క హెచ్చరిక. ఎర్రగీత గీసిన పీడీఎఫ్ రాగానే ఊళ్లో టెన్షన్ మొదలవుతుంది, మర్నాటికి బ్రోకర్లు దిగుతారు. గీత పోయేచోట అగ్గువకు అమ్మేసినవాళ్లనూ చూశాను, పక్కన ఇంటర్‌చేంజ్ (ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కే, దిగే కూడలి) వస్తుందని అప్పుచేసి కొన్నవాళ్లనూ చూశాను. గెజిట్‌లో మీ సర్వే నంబరు కనబడేదాకా ఆ గీతను నమ్మి ఏ సంతకమూ పెట్టకండి.

రిపోర్టు ఎలా చదవాలి

సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు వేయాలి. ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో వస్తుంది. రోడ్డు రెండు మూడు జిల్లాల మీదుగా పోతుంటే ప్రతి జిల్లాలో సభ ఉండాలి. నోటీసు వచ్చిన రోజు నుంచి పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా రిపోర్టు కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, సంబంధిత స్థానిక సంస్థల్లో, కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో చూడడానికి దొరకాలి. సంక్షిప్త నివేదిక తెలుగులో ఉంటుంది. అసలు రిపోర్టు ఇంగ్లిషులో, వందల పేజీలు.

సంక్షిప్తం చదివి ఆగిపోవద్దు. అందులో అంతా బాగానే ఉంటుంది, చెట్లు నాటుతాం, నీళ్లు చల్లుతాం, ఉపాధి కల్పిస్తాం. ఊళ్లో ఇంజినీరింగో డిగ్రీయో చదివిన పిల్లల్ని ఇద్దరిని కూర్చోబెట్టి అసలు రిపోర్టు తెరిపించండి. మొత్తం చదవక్కర్లేదు. దాని అధ్యాయాల వరుసను నోటిఫికేషనే చెబుతుంది కాబట్టి ఏది ఎక్కడ ఉంటుందో ముందే తెలుసు. మూడో అధ్యాయంలో ఇప్పుడున్న పరిస్థితి, నాలుగులో ప్రభావాలు, అయిదులో ప్రత్యామ్నాయాలు, పదిలో పర్యావరణ నిర్వహణ ప్రణాళిక. ఈ నాలుగూ చాలు.

మూడో అధ్యాయంలో మీ ఊరి పేరు వెతకండి. నీటి వనరుల పట్టికలో మీ చెరువు ఉందా? బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి, గుడి, మసీదు, చర్చి, శ్మశానం ఉన్న పట్టికలో మీవి ఉన్నాయా, రోడ్డు నుంచి దూరం సరిగ్గా రాశారా? ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ పట్టికలో లేని బడికి శబ్దం ఆపే గోడ రాదు. పట్టికలో లేని వాగుకు వంతెన రాదు. కన్సల్టెంటు మనుషులు వేసవిలో వచ్చి చూసి పోయుంటే ఎండిన వాగు వాళ్లకు బాటలాగే కనిపిస్తుంది. నీళ్ల శాంపిలు ఏ ఊళ్లో, ఏ నెలలో తీశారో కూడా అక్కడే ఉంటుంది.

తెలంగాణలో నేను ముఖ్యంగా చూడమనేది గొలుసుకట్టు చెరువుల్ని. పైచెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరాలి. మధ్యలో అడ్డంగా మూడు నాలుగు మీటర్ల ఎత్తు కట్ట వేసి, దాని మీద రోడ్డు పోతుంది. ఇంజినీరు పెద్ద వాగుల మీద వంతెన కడతాడు, అందులో అనుమానం లేదు. ఎప్పుడూ తప్పిపోయేవి చిన్న ఫీడర్ కాలువలు, అయిదేళ్లకోసారి పారే అలుగు బాటలు, తూము కింది పంట కాలువలు. అవి టోపోషీట్‌లో (సర్వే మ్యాపులో) సన్నటి గీతలుగా ఉంటాయి, లేదా అసలు ఉండవు. మీ ఊరి నక్షా తీసుకుని, నీళ్లు పారే చోట్లన్నీ నీలం పెన్నుతో దిద్దండి. ఈ పనికి ఊళ్లో నీరటికాయన్ని, డెబ్బై దాటిన రైతుల్ని పిలవండి. ఏ వానకు ఏ గట్టు తెగిందో వాళ్లకు తెలిసినట్టు ఏ సాఫ్ట్‌వేరుకూ తెలియదు. ఆ నక్షా మీద రోడ్డు గీత వేసి, రెండూ కలిసే ప్రతి చోటూ రాసుకోండి.

ఆ చోటును వాళ్ల భాషలో చెప్పడానికి చైనేజీ వాడాలి. రోడ్డు మొదలైన చోటు నుంచి కిలోమీటర్లు, మీటర్లు. 42+350 అంటే 42 కిలోమీటర్ల 350 మీటర్ల దగ్గర అని. డ్రాయింగు మీద ఈ అంకెలు ఉంటాయి. సర్వే నంబరు రెవెన్యూవాళ్ల కోసం, చైనేజీ ఇంజినీర్ల కోసం. రెండూ కలిపి రాస్తే ‘ఎక్కడో తెలియలేదు’ అని తప్పించుకునే వీలుండదు.

అయిదో అధ్యాయం అలైన్‌మెంట్‌ను ప్రశ్నించాలనుకునేవాళ్లది. మిగతా మార్గాల్ని ఏ కారణంతో తీసేశారో అక్కడ ఉండాలి. రెండు పేజీల్లో తేల్చేసి ఉంటే, ఆ సంగతే అడగండి. ‘రెండో మార్గంలో ఎన్ని ఎకరాల తరి పోతుంది, ఎన్ని ఇళ్లు పోతాయి, పోలిక ఎందుకివ్వలేదు?’ రోడ్డే వద్దనేవాళ్లకు కూడా గట్టి ఆధారం ఈ అధ్యాయమే.

అండర్‌పాసు దగ్గర రాజీ పడొద్దు

ఎక్స్‌ప్రెస్‌వే మామూలు రోడ్డు కాదు. రెండు వైపులా కంచె ఉంటుంది, ఇంటర్‌చేంజ్ దగ్గర తప్ప ఎక్కలేరు, దిగలేరు, కింద అండర్‌పాసు ఉంటే తప్ప దాటలేరు. 70 మీటర్ల వెడల్పు రోడ్డయితే కిలోమీటరుకు 17 ఎకరాల పైచిలుకు పోతుంది. అది లెక్కకు వస్తుంది, పరిహారం వస్తుంది. ఇల్లు ఇటు, పొలం అటు అయిపోయినవాళ్ల బాధ మాత్రం ఏ లెక్కలోనూ ముందుగా కనబడదు. రోడ్డు పూర్తయ్యాక యాభై ఏళ్లపాటు ఊరు పడే ఇబ్బంది అదే.

అండర్‌పాసుల్లో రకాలున్నాయి. లారీలు, బస్సులు పోయేది పెద్దది, చిన్న వాహనాలది ఒకటి, మనుషులూ పశువులూ దాటేది అన్నిటికన్నా చిన్నది. ఈ చిన్నదాని ఎత్తు 3 మీటర్ల దగ్గర ఉంటుంది. ‘మీ ఊరికి అండర్‌పాసు ఇచ్చాం’ అనగానే చప్పట్లు కొట్టకండి, ఏ రకమో, ఎత్తెంతో, వెడల్పెంతో అడగండి. ఒక సభలో ఓ పెద్దాయన లేచి, “సారూ, బర్రెలు పోతయి, బానే ఉంది. నా వరికోత మిషన్ ఎట్ల పోవాలె?” అని ఒక్క ప్రశ్న అడిగాడు. వేదిక మీద ఉన్నవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అంతకుముందు మాట్లాడిన నాయకులందరి ప్రసంగాల కన్నా ఆ ప్రశ్నే మినిట్స్‌లో శుభ్రంగా కూర్చుంది.

కాబట్టి ముందే టేపు తీసుకుని కొలవండి. మీ ఊరికి వచ్చే హార్వెస్టర్ ఎత్తు, గడ్డి నింపిన ట్రాక్టర్ ఎత్తు, పత్తి లోడు ఎత్తు. ఏ బాట మీద ఏ కాలంలో ఎన్ని బండ్లు పోతాయో ఒక కాగితం మీద రాయండి. నక్షాలో ఉన్న బండ్లబాట, ఎడ్లబాట, శ్మశానం దారి, బడికి పోయే దారి, పాలకేంద్రం దారి, ఒక్కోటీ ఎక్కడ తెగుతుందో చైనేజీతో రాయండి. రెండు అండర్‌పాసుల మధ్య దూరం ఎంతో కూడా అడగండి. పొలానికి పోవడానికి నాలుగు కిలోమీటర్లు చుట్టూ తిరగాలంటే కూలీలు రారు, ఆ మాట అలాగే రాయండి. సర్వీసు రోడ్డు ఎక్కడి నుంచి ఎక్కడికి వేస్తారో, అండర్‌పాసులో వాననీళ్లు నిలిస్తే బయటికి పోయే దారేదో అడగడం మరవకండి. మన దగ్గర సగం అండర్‌పాసులు వానాకాలం కుంటలే.

సభ రోజు

అర్జీ ముందే టైపు చేయించుకోండి. ఒక్కో విషయం ఒక్కో పేరాగా, నంబర్లు వేసి. నేను రాసిచ్చే నమూనా ఇలా ఉంటుంది:

‘చైనేజీ 42+350 వద్ద, సర్వే నంబర్లు 118, 121ల మధ్య, మా గ్రామ పెద్దచెరువు అలుగు వాగు ప్రతిపాదిత రోడ్డును దాటుతుంది. ముసాయిదా రిపోర్టు మూడో అధ్యాయంలోని నీటి వనరుల పట్టికలో ఈ వాగు లేదు. ఇక్కడ వంతెన గానీ కల్వర్టు గానీ ప్రతిపాదించలేదు. నీళ్లు నిలిస్తే ఎగువన ఉన్న ఎస్సీ కాలనీ, తరి పొలాలు మునుగుతాయి. వాగును నమోదు చేసి, వరద ప్రవాహం లెక్కగట్టి, తగిన నిర్మాణాన్ని తుది రిపోర్టులో చేర్చాలని, దాని వివరం మాకు రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం. జతపరిచినవి: గ్రామ నక్షా, వరద సమయంలో తీసిన ఫొటోలు.’

ఇందులో తిట్టు లేదు, బతిమాలుడూ లేదు. జవాబు చెప్పక తప్పని ప్రశ్న ఉంది. చట్టం అడగకపోయినా గ్రామసభ తీర్మానం ఒకటి చేసి జతపరచండి. కౌలు రైతులు, ఆడవాళ్లు, గొర్లకాపర్లు సొంతంగా సంతకాలు పెట్టిన అర్జీలు విడిగా ఇస్తే ఇంకా మంచిది. భూమి పట్టా లేనివాళ్ల కష్టం భూసేకరణ ఫైలులో ఎక్కడా కనబడదు, ఇక్కడే కనబడాలి.

సభలో ముందు ప్రాజెక్టువాళ్లు తెర మీద బొమ్మలు చూపిస్తారు. తర్వాత మైకు నాయకుల చేతుల్లోకి పోతుంది. ఓపిక పట్టండి. హాజరైన ప్రతి ఒక్కరికీ వివరణ అడిగే అవకాశం ఇవ్వాలని నియమం, కాబట్టి టైమైపోయిందంటే ఆ మాట గుర్తుచేయండి. ఊరి తరఫున ముగ్గురు నలుగురు విషయాలు పంచుకోండి. నీళ్ల సంగతి ఒకరు, దారుల సంగతి ఒకరు, బడి సంగతి పిల్లల తల్లి. పదిమంది లేచి ఒకే మాట చెబితే అది ఒక్క లైనే అవుతుంది. మాట్లాడేటప్పుడు ముందు పేరు, ఊరు చెప్పండి. మాటలన్నీ వీడియో తీస్తారు. మీరూ ఫోనులో తీయండి.

అర్జీ చేతికిచ్చాక కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. జనం ఒత్తిడిలో ‘తర్వాత వేస్తాంలెమ్మా’ అంటారు. అక్కడే నిలబడండి.

అన్నిటికన్నా ముఖ్యమైన పావుగంట చివర్లో వస్తుంది, అప్పటికి కుర్చీలు సగం ఖాళీ అయిపోతాయి. సభలో వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించి, ఒప్పుకున్నాక అధ్యక్షుడు అదే రోజు సంతకం పెట్టాలి. అది వినకుండా కదలొద్దు. మీ వాగు పేరు రాకపోతే, మీ అండర్‌పాసు ‘రహదారి సౌకర్యం’గా మారిపోతే, అప్పుడే లేచి సరిచేయించండి. ఆ సంతకం పడ్డాక ఇంక మారదు.

బహిష్కరణ గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు, అయినా చెబుతాను. కుర్చీలు విసిరి, టెంటు కూల్చి సభను ఆపితే గెలిచినట్టు అనిపిస్తుంది. ఈ సభకు కోరం అంటూ ఏమీ లేదు, నలుగురున్నా చెల్లుతుంది. పైగా స్థానిక పరిస్థితుల వల్ల జనం స్వేచ్ఛగా మాట్లాడే వీలు లేదని రిపోర్టు వెళితే, సభే అక్కర్లేదని పైవాళ్లు నిర్ణయించవచ్చని అదే నోటిఫికేషన్‌లో ఉంది. బయట ధర్నా చేయండి, నల్ల బ్యాడ్జీలు పెట్టుకోండి. లోపలికి మాత్రం కనీసం పదిమంది కాగితాలతో వెళ్లండి. వద్దనే మాట కూడా రికార్డులో ఉంటేనే రేపు పనికొస్తుంది. సభకు రాలేనివాళ్లు, ఊరు వదిలి వేరే చోట ఉన్నవాళ్లు కాలుష్య నియంత్రణ మండలికి రాతలో పంపవచ్చు.

సభ అయ్యాక

మినిట్స్ పంచాయతీ ఆఫీసులో, జిల్లా పరిషత్‌లో, కలెక్టరేట్‌లో అందరికీ కనబడేలా పెట్టాలి. పెట్టకపోతే అడిగి తీసుకోండి. తర్వాత ప్రాజెక్టువాళ్లు తుది రిపోర్టులో ప్రతి ప్రశ్నకూ జవాబు రాస్తారు. అది కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేశ్ వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరుతో వెతికితే దొరుకుతుంది. ‘తగిన చర్యలు తీసుకోబడతాయి’ అని ఉంటే అది జవాబు కాదు. ఎక్కడ, ఏం కడతారు, బడ్జెట్‌లో ఎంత పెట్టారు అన్నది ఉండాలి. లేకపోతే నిపుణుల కమిటీ సమావేశానికి ముందే మెంబర్ సెక్రటరీకి ఈమెయిల్ పెట్టండి, ముద్ర వేసిన అర్జీ కాపీ జతచేసి. కమిటీ మినిట్స్ కూడా ఆ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి.

అనుమతి ఉత్తరంలో షరతులు ఉంటాయి. మీ వాగు, మీ అండర్‌పాసు అందులోకి వచ్చాయేమో చూడండి. వస్తే కాపీ పంచాయతీలో ఉంచండి. కాంట్రాక్టరు మనుషులు వచ్చినప్పుడు చూపించాల్సింది అదే. అనుమతి తప్పుగా ఇచ్చారనుకుంటే జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు అప్పీలుకు 30 రోజులు. తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల వరకు ఒప్పుకోవచ్చు, ఆపైన లేదు. తెలుగు రాష్ట్రాలు రెండూ చెన్నైలోని దక్షిణాది బెంచి కిందికి వస్తాయి.

ఇక భూమి

భూసేకరణ నోటిఫికేషన్ సభకు ముందు రావచ్చు, తర్వాత రావచ్చు. గెజిట్‌లో జాతీయ రహదారుల చట్టం సెక్షన్ 3ఏ నోటిఫికేషన్ వస్తుంది, దాని సారాంశం రెండు స్థానిక పత్రికల్లో వేస్తారు, ఒకటి తెలుగులో. సర్వే నంబరు, విస్తీర్ణం చూసుకోండి. 3సీ కింద అభ్యంతరానికి 21 రోజులు, రాతలోనే, కాలాకే ఇవ్వాలి. ఇక్కడ చెప్పాల్సింది భూమిని ఆ పనికి వాడడం మీద మీ అభ్యంతరం. ఆయన మిమ్మల్ని పిలిచి వినాలి, వకీలును తీసుకెళ్లవచ్చు. విన్న తర్వాత ఆయన ఇచ్చే ఉత్తర్వే తుది. ఆపైన 3డీ ప్రకటన వస్తే భూమి కేంద్రానిదైపోతుంది. 3ఏ వచ్చిన ఏడాదిలోపు 3డీ రాకపోతే ఆ నోటిఫికేషన్ చెల్లదు, కాబట్టి తేదీలు రాసిపెట్టుకోండి.

ధర మాట్లాడేది 3జీ దశలో. మార్కెట్ విలువ, దాని మీద గ్రామీణ ప్రాంతాల్లో 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన గుణకం, చెట్లు, బోర్లు, ఇళ్ల విలువ, ఆ మొత్తం మీద 100 శాతం సొలేషియం (ఇష్టం లేకున్నా భూమి తీసుకుంటున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము). మార్కెట్ విలువ కట్టేది 3ఏ తేదీ నాటికి. కాబట్టి అంతకుముందు మూడేళ్లలో మీ చుట్టుపక్కల ఎక్కువ ధరకు జరిగిన రిజిస్ట్రేషన్ల కాపీలు తీసి క్లెయిమ్‌కు జతచేయండి. పొలం రెండు ముక్కలై మిగిలింది సాగుకు పనికిరాకపోతే ఆ నష్టం విడిగా అడగవచ్చు, చాలామంది అడగరు. చెట్లు, బోర్లు లెక్కపెట్టడానికి వచ్చినప్పుడు మీరు పక్కనే ఉండి, పంచనామా చదివాకే సంతకం పెట్టండి. ఇచ్చిన ధర నచ్చకపోతే కేంద్రం నియమించిన ఆర్బిట్రేటర్‌కు దరఖాస్తు చేసుకోవాలి. ‘అసమ్మతితో’ అని రాసి డబ్బు తీసుకోండి. డబ్బు తీసుకోకుండా కూర్చుంటే రోడ్డు ఆగదు.

రాష్ట్రమే 2013 చట్టం కింద భూమి తీసుకుంటుంటే లెక్క మారుతుంది. అక్కడ సెక్షన్ 11 నోటిఫికేషన్ వస్తుంది, అభ్యంతరాలకు 60 రోజులు ఉంటాయి. నోటీసు చేతికి రాగానే పైన ఏ చట్టం పేరు రాశారో ముందు అది చూడండి.